చుక్కల కథలు పిల్లలకి ఎలా చెప్పాలి: డాబా మీద చాప వేసుకుని నాలుగైదు దేశాలు తిరిగి రావడం

పిల్లలకి చుక్కల గురించి చెప్దాం అనుకోగానే చాలామంది చేసేది ఏంటంటే ఫోన్లో ఒక యాప్ తెరిచి ఆకాశం వైపు తిప్పడం, పిల్లాడు స్క్రీన్ మీద బొమ్మలు చూసి రెండు నిమిషాల్లో బోర్ కొట్టి కిందకెళ్ళిపోతాడు. లేదంటే పడుకునే ముందు ధ్రువుడి కథ మొత్తం చెప్పేస్తారు గానీ ఆ చుక్క ఎటువైపు ఉంటుందో ఒక్కసారి కూడా చూపించరు. ఈ రెండూ కాకుండా ఇంకో పద్ధతి ఉంది. చుక్కల కథలు చాలావాటిలో పాతకాలం వాళ్ళు కళ్ళతో చూసి పట్టుకున్న విషయం ఒకటి దాగి ఉంటుంది, కథ చెప్పాక ఆ విషయాన్ని పిల్లలతోనే ఆకాశంలో చెక్ చేయించాలి. అది మన పురాణం కావచ్చు, జపాన్ వాళ్ళదో గ్రీకుల్దో కావచ్చు, చెక్ చేయడానికి ఏదైనా దొరికే కథ అయితే ముందు దాన్ని పట్టుకోండి, దొరక్కపోతే ఇంకో రోజుకి వదిలేయండి.

ముందు ఏర్పాట్లు

పెద్ద సరంజామా ఏం అక్కర్లేదు. టెలిస్కోప్ అయితే మొదట్లో అస్సలు వద్దు, ఎందుకంటే చుక్క దాంట్లోంచి చూసినా చుక్కలాగే కనిపిస్తుంది, పిల్లలు నీరసపడిపోతారు. చాప, దోమల క్రీమ్, మంచినీళ్ళు, ఒక నోట్‌బుక్, టార్చి లైటు చాలు. టార్చి మొహానికి గిఫ్ట్ ప్యాకింగ్‌కి వాడే ఎర్ర మెరుపు కాగితం రెండు మడతలేసి రబ్బర్ బ్యాండ్‌తో కట్టేయండి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోన్ వెలిగితే మళ్ళీ మొదటికొస్తుంది, ఎర్ర వెలుతురైతే అంత ఇబ్బంది ఉండదు. అందుకే స్టెల్లేరియం లాంటి యాప్ ఏదైనా ఉంటే మీరు మధ్యాహ్నమే చూసుకుని ఈ రాత్రి ఏది ఎటు ఉంటుందో గుర్తుపెట్టుకోండి, పైకెళ్ళాక ఫోన్ జేబులోంచి తీయకండి, మీరు తీస్తే వాళ్ళూ అడుగుతారు.

అమావాస్యకి అటో వారం ఇటో వారం చూసుకోండి, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మన దగ్గర ఆకాశం బాగుంటుంది. పిట్టగోడ పొట్టిగా ఉంటే చాప మధ్యలో వేయండి, చిన్నపిల్లలు పైకి చూస్తూ వెనక్కి నడుస్తారు. ఊళ్ళో పొలం వైపు వెళ్తే పురుగూ పుట్రా ఉంటాయి కాబట్టి కాళ్ళకి బూట్లు ఉండాలి.

ఇంకొకటి, కొలత నేర్పించండి. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే ఆకాశంలో అది దాదాపు 10 డిగ్రీలు, పిల్లల చెయ్యి చిన్నదైనా పిడికిలి కూడా చిన్నదే కాబట్టి లెక్క ఇంచుమించు సరిపోతుంది. దీంతో చాలా పనులున్నాయి.

చందమామతో మొదలుపెట్టండి

సిటీలో ఎంత లైట్లున్నా చందమామ కనిపిస్తుంది కాబట్టి అమావాస్య వెళ్ళిన మూడో నాలుగో రోజు సాయంత్రం మొదలెట్టండి. కథ మీకు తెలిసే ఉంటుంది, దక్షుడి కూతుళ్ళు 27 మంది చంద్రుడి భార్యలు, వాళ్ళే మన 27 నక్షత్రాలు, అందరినీ సమానంగా చూసుకోవాల్సింది పోయి ఎప్పుడూ రోహిణి దగ్గరే ఉండిపోతుంటే మిగతావాళ్ళు వెళ్ళి నాన్నకి చెప్పారు, ఆయన క్షీణించిపొమ్మని శాపం పెట్టాడు, తర్వాత బతిమాలితే తగ్గినా మళ్ళీ పెరిగేలా మార్చాడు.

ఇప్పుడు చెక్ చేయడం. చంద్రుడు చుక్కల మధ్య ఒక చుట్టు తిరిగి రావడానికి పట్టేది 27 రోజుల పైన కొంచెం, అంటే రోజుకో ఇల్లు. ఈ రోజు చంద్రుడి పక్కన ఏ చుక్క ఉందో నోట్‌బుక్‌లో బొమ్మ గీయించండి, రేపు అదే టైంకి చూస్తే చంద్రుడు ఆ చుక్కని వదిలేసి తూర్పుకి పిడికిలి పైన ఇంకాస్త జరిగి ఉంటాడు, సుమారు 13 డిగ్రీలు. గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్‌లో ప్రతిరోజూ నక్షత్రం రాసి ఉంటుంది కదా, అది ఆ రోజు చంద్రుడు ఎవరింట్లో ఉన్నాడో చెప్పే లెక్కే. రోహిణి అని ఉన్న రోజు చూసుకుని పిల్లల్ని పైకి తీసుకెళ్ళండి, చంద్రుడి దగ్గర్లో కాస్త ఎర్రగా మెరిసే చుక్క ఉంటుంది, అదే రోహిణి. క్యాలెండర్ కరెక్టేనా అని వాళ్ళే పరీక్ష పెట్టి చూస్తున్నట్టు ఫీలవుతారు, ఆ సరదా పోగొట్టకండి.

నెలల పేర్లు కూడా ఇక్కడే వచ్చేస్తాయి, పౌర్ణమి నాటికి చంద్రుడు కృత్తికల దగ్గరుంటే కార్తీకం, చిత్త దగ్గరుంటే చైత్రం. కార్తీక పౌర్ణమికి దీపాలు వెలిగించాక ఎలాగూ బయటే ఉంటారు, అప్పుడు చూపించేయండి, చంద్రుడి వెలుగులో కృత్తికలు దొరకబుచ్చుకోవడం కష్టమే గానీ చంద్రుణ్ణి అరచేత్తో మూసి వెతికితే ఒక్కోసారి దొరుకుతాయి.

తర్వాత కృత్తికలు, ఇక్కడ కాస్త ఎక్కువ రోజులు ఉండండి

నన్నడిగితే వేరే దేశాల కథలు చెప్పడానికి దీన్ని మించిన గుంపు ఆకాశంలో లేదు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో నెత్తి మీద చిన్న ముద్దలాగా కనిపిస్తుంది, మన పల్లెల్లో పిల్లలకోడి అంటారు. ముందు కథ చెప్పకండి. ఎన్ని చుక్కలు కనిపిస్తున్నాయో ఎవరికి వాళ్ళు లెక్కపెట్టి పక్కవాళ్ళకి చెప్పకుండా కాగితం మీద రాయమనండి. మామూలు కళ్ళకి ఎక్కువగా ఆరు వస్తాయి, చీకటి బాగుండి చూపు బాగుంటే ఇంకా ఎక్కువ.

లెక్క అయ్యాక కథలు. మన దాంట్లో ఆరుగురు కృత్తికలు కుమారస్వామికి పాలిచ్చిన తల్లులు, ఆరుగురికీ అందాలని ఆరు ముఖాలు వచ్చాయంటారు. గ్రీకుల కథలో వాళ్ళు ఏడుగురు అక్కచెల్లెళ్ళు, మరి ఏడో ఆమె ఏదీ అంటే ఆమె సిగ్గుపడి ముఖం దాచుకుందని వాళ్ళే సమాధానం చెప్పుకున్నారు. ఆస్ట్రేలియా ఆదివాసుల్లో చాలా తెగల కథల్లో కూడా ఏడుగురు అక్కచెల్లెళ్ళే, వాళ్ళ వెనక ఒక మగవాడు వెంటపడుతుంటాడు. జపాన్లో దీన్ని సుబారు అంటారు, అమెరికాలో ఉన్న మన పిల్లలైతే రోడ్డు మీద సుబారు కారు లోగోలో ఆరు చుక్కలు రోజూ చూస్తూనే ఉంటారు, ఆ లోగో ఇదేనని చెప్పి చూడండి ఇక ప్రతి పార్కింగ్ లాట్‌లో అరుస్తారు. న్యూజీలాండ్ మావోరీలకి ఇది మతారికి, వాళ్ళ చలికాలంలో అంటే జూన్, జులైల్లో తెల్లవారుజామున ఇది మళ్ళీ కనబడగానే కొత్త సంవత్సరం, ఆ ఏడాది పోయినవాళ్ళని తలుచుకుంటారు, కలిసి భోంచేస్తారు, 2022 నుంచి అక్కడ అది పబ్లిక్ హాలిడే కూడా.

మళ్ళీ కనబడటం ఏంటి, అంతకుముందు ఎక్కడికి పోయింది అని పిల్లలు అడగాలి, అడక్కపోతే మీరే అడగండి. దీనికి జవాబు మన ఇంట్లోనే ఉంది, కార్తెలు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి అని అమ్మమ్మ అంటుంది కదా, మే 25 దగ్గర్నుంచి రెండు వారాలు. ఆ రోజుల్లో రోహిణి చుక్క చూపించమని పిల్లలతో పందెం వేయండి, రాత్రంతా వెతికినా దొరకదు. సూర్యుడు రోహిణి ఉన్న వైపుకే వచ్చేసి ఉంటాడు, అది పగలు సూర్యుడితో పాటే పొడిచి సూర్యుడితో పాటే పోతుంది. ఏ కార్తె నడుస్తుంటే ఆ పేరున్న చుక్క ఆ రోజుల్లో చాలావరకు కనిపించదన్నమాట, మనలో పెద్దవాళ్ళకే చాలామందికి ఈ సంగతి తట్టదు. కృత్తికలు దానికి కాస్త ముందు మాయమై కాస్త ముందే తెల్లవారుజామున తేలతాయి, మావోరీలు ఎదురుచూసేది దానికోసమే. రైతుకి వాన కోసం ఒకరు, కొత్త ఏడాది కోసం ఒకరు, చూసింది మాత్రం ఇద్దరూ ఒకటే.

సప్తర్షులు, పెద్దదాంతో మొదలెట్టి చిన్నదానికి రావడం

మార్చి నుంచి జూన్ దాకా సాయంత్రాలు ఉత్తరం వైపు. నాలుగు చుక్కలు పెట్టెలాగా, మూడు చుక్కలు తోకలాగా. చిన్న చుక్కని చూపించాలంటే ముందు దాని పక్కనున్న పెద్దదాన్ని చూపించాలని మనవాళ్ళు అరుంధతీ న్యాయం అని ఒక పద్ధతే పెట్టారు, దాన్నే వాడండి. ముందు ఏడూ, తర్వాత తోక, తర్వాత తోకలో మధ్య చుక్క, అది వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని సన్నగా ఉన్నది అరుంధతి. పెళ్ళిలో పట్టపగలు పురోహితుడు వేలు చూపిస్తే అందరూ తలూపుతారు గానీ నిజంగా చూసినవాళ్ళు ఎంతమందో నాకు డౌటే, మీ పిల్లలు చూసి వచ్చే పెళ్ళిలో పెద్దవాళ్ళని అడిగి ఏడిపించనివ్వండి. అరబ్బులు ఈ జంటని కంటిచూపు పరీక్షకి వాడేవారని చెప్తారు. కళ్ళజోడు ఉన్న పిల్లలతో ఒకసారి జోడు తీసి ఒకసారి పెట్టుకుని చూడమనండి, గేలి మాత్రం చేయనివ్వకండి.

ఇవే ఏడు చుక్కలు మధ్యభారతంలో గోండుల కథలో ముసలమ్మ మంచం, నాలుగు చుక్కలు మంచం కోళ్ళు, వెనకున్న మూడూ దాన్ని ఎత్తుకుపోదామని చూసే దొంగలు. ఇంగ్లండ్‌లో నాగలి అంటారు. అరబ్బులకి పాడె, దాని వెనక నడిచే కూతుళ్ళు. కెనడా తూర్పు తీరంలో మిక్‌మా అనే ఆదివాసులది చాలా బాగుంటుంది, నాలుగు చుక్కలూ ఎలుగుబంటి, వెనక ఉన్నవాళ్ళు వేటగాళ్ళు, వాళ్ళు మనుషులు కాదు పిట్టలు, మధ్య పిట్ట వంటగిన్నె మోసుకెళ్తుంటుంది, ఆ గిన్నె ఏదో తెలుసా, మన అరుంధతే. ఆకురాలు కాలంలో ఎలుగుబంటికి బాణం తగిలి రక్తం చిందితే కింద అడవిలో ఆకులు ఎర్రబడతాయి. ఇందులో చెక్ చేసేది ఏంటంటే అక్టోబర్ సాయంత్రాల్లో ఆ ఎలుగుబంటి నిజంగానే చెట్ల మీదకి దిగిపోయి ఉంటుంది, బోస్టన్, టొరంటో వైపు ఉన్నవాళ్ళు కిటికీలోంచి చూసినా తెలిసిపోతుంది. హైదరాబాద్ నుంచి అయితే అప్పుడు సాయంత్రానికే అది కిందకి మునిగిపోతుంది, అందుకే ఈ కథ మన దగ్గర పుట్టదు, ఈ మాట పిల్లలకి తప్పకుండా చెప్పండి.

ధ్రువుడు కూడా ఇక్కడే. పెట్టె చివర రెండు చుక్కల్ని కలిపి ఆ గీతని అయిదు రెట్లు సాగదీస్తే ఆయన దగ్గరకి వెళ్తారు. అన్నిటికంటే పెద్దగా మెరుస్తుందని పిల్లలు అనుకుంటారు, అలా ఏం ఉండదు, మామూలు చుక్కే, కదలదు అంతే. దాని ఎత్తు పిడికిళ్ళతో కొలవమనండి, హైదరాబాద్‌లో 17 డిగ్రీలు అంటే రెండు పిడికిళ్ళకి కొంచెం తక్కువ, డాలస్‌లో ఉన్న పెదనాన్న పిల్లలు కొలిస్తే మూడు పిడికిళ్ళ పైన వస్తుంది, లండన్ అయితే అయిదు. రెండు ఇళ్ళ పిల్లలూ కొలిచి వీడియో కాల్‌లో చెప్పుకుంటే భూమి గుండ్రం అని వేరే పాఠం చెప్పక్కర్లేదు.

దక్షిణానికి వెళ్ళిన అగస్త్యుడు

దీన్ని కూడా ఇలాగే ఫోన్లు చేసుకుని ఆడొచ్చు. జనవరి, ఫిబ్రవరిలో రాత్రి 9 అప్పుడు అన్నిటికంటే కాంతిగా ఉన్న చుక్క లుబ్ధకుడు, దాని కింద దక్షిణం వైపు రెండో పెద్ద చుక్క అగస్త్యుడు. వింధ్యని వంచి, నేను తిరిగొచ్చేదాకా లేవకు అని చెప్పి దక్షిణానికి వచ్చేసి మళ్ళీ వెళ్ళని ముని. ఢిల్లీలో ఆ చుక్క మహా అయితే పిడికిలికి తక్కువ ఎత్తులో ఉంటుంది, హైదరాబాద్‌లో రెండు పిడికిళ్ళు, న్యూజెర్సీలో అసలు పొడవదు. వింధ్యకి ఇవతల ఉన్నవాళ్ళకే బాగా కనబడే ముని అన్నమాట, కథ ఎక్కడి నుంచి చూసి కట్టారో పిల్లల్నే ఊహించమనండి.

మే నెలలో ఇంకా దక్షిణానికి చూస్తే రాత్రి 8, 9 మధ్య నేల మీద పిడికిలి ఎత్తులో చిన్న శిలువ ఆకారం, అది త్రిశంకు, విశ్వామిత్రుడు పైకి పంపితే ఇంద్రుడు తోసేస్తే మధ్యలో ఆగిపోయినాయన. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ జెండాల మీద ఉన్న చుక్కలు ఇవే. దాని పక్కనున్న రెండు పెద్ద చుక్కలు పెరూ కొండల్లో ఇంకాల వారసులకి లామా కళ్ళు. ఆ లామా ఒళ్ళు మాత్రం చుక్కలతో గీసింది కాదు, పాలపుంతలో నల్లగా ఉన్న ఖాళీలే వాళ్ళకి బొమ్మ. ఆస్ట్రేలియాలో కమిలరోయ్ ప్రజలు ఆ నలుపులోనే ఈము పక్షిని చూస్తారు, అది సాయంత్రం ఎలా వాలి ఉందో చూసి గుడ్లు ఏరుకునే కాలం తెలుసుకునేవారు. సిటీ నుంచి ఇది కనిపించదు, దానికోసం ఊరెళ్ళాలి.

గొల్లవాడు, బట్టలు నేసే పిల్ల

అక్టోబర్‌లో వానలు ఆగాక రాత్రి 7 అప్పుడు పైకి చూస్తే అభిజిత్తు, శ్రవణం, మధ్యలోంచి పాలపుంత. చైనా కథలో అభిజిత్తు బట్టలు నేసే అమ్మాయి, శ్రవణం పశువుల కాపరి, పెళ్ళయ్యాక పని మానేశారనో వేరే కారణమో చెప్పి ఆమె వాళ్ళు ఏటికి చెరోవైపు ఉంచేశారు, ఏడాదికి ఒక్కరోజు పిట్టలు వంతెన కడితే కలుస్తారు. జపాన్లో ఇదే తనబాతా పండగ, జులై 7న రంగు కాగితాల మీద కోరికలు రాసి వెదురు కొమ్మకి కడతారు, ఇది ఇంట్లో చేయిస్తే పిల్లలకి పిచ్చి సరదా, కొమ్మ ఏదైనా పర్లేదు. శ్రవణానికి అటూ ఇటూ రెండు చిన్న చుక్కలున్నాయి చూడండి, చైనావాళ్ళు అవి కాపరి పిల్లలిద్దరూ, కావడి బుట్టల్లో కూర్చోబెట్టుకుని భార్య దగ్గరకి పోతున్నాడంటారు. మనకి ఆ మూడూ వామనుడి మూడు అడుగులు. అలాగే గొల్లకావడి అని మన పెద్దవాళ్ళు మూడు చుక్కల వరసకి పేరు పెట్టి పిలుస్తారు, మీ ఊళ్ళో ఏ మూడింటిని అంటారో తాతయ్యనే పైకి పిలిచి చూపించమనండి, పిల్లల చేత ఆయన చెప్పింది రాయించండి, పుస్తకాల్లో దొరకనివి అక్కడ దొరుకుతాయి.

స్వాతి గురించి చిన్నమాట. సప్తర్షుల తోక వంపుని అలాగే కిందకి సాగదీస్తే వచ్చే నారింజ రంగు చుక్క. స్వాతివాన చినుకు ముత్యపుచిప్పలో పడితే ముత్యం అవుతుందని మనం చెప్పుకుంటాం, హవాయి వాళ్ళకి అది దారి చూపే చుక్క, వాళ్ళ దీవుల మీదుగా సరిగ్గా నడినెత్తిన వెళ్తుంది. 1976లో ఆ చుక్క పేరే పెట్టిన హోకులేఅ అనే పడవలో మౌ పియైలుగ్ అనే నావికుడు దిక్సూచి కూడా లేకుండా హవాయి నుంచి తహితి దాకా తీసుకెళ్ళాడు. మే నెలలో హైదరాబాద్ డాబా మీద వెల్లకిలా పడుకుంటే మనకి కూడా స్వాతి దాదాపు నెత్తి మీదే వస్తుంది, ఎందుకంటే హవాయి, మనం భూమి మీద ఇంచుమించు ఒకే వరసలో ఉన్నాం. మ్యాప్ తీసి చూపించండి.

కాస్త పెద్ద పిల్లలకి ఒక పందెం

గ్రీకు కథలో ఓరియన్ అనే వేటగాణ్ణి తేలు కుట్టి చంపింది కాబట్టి ఇద్దరూ ఆకాశంలో కలిసి ఉండరు. చైనాలో అవే చుక్కలు కొట్టుకున్న అన్నదమ్ములు, అందుకే ఎప్పటికీ ఎదురుపడరు. మనకైతే ఆ వేటగాడి చోట లేడి ఉంటుంది, మృగశిర, నడుము దగ్గర మూడు చుక్కలు దానికి తగిలిన బాణం, కొట్టినవాడు లుబ్ధకుడు. ఫిబ్రవరి మధ్యలో రాత్రి 9కి మృగశిర చూపించి, పొద్దున 5కి పరీక్షలకి చదవడానికి లేచినప్పుడు దక్షిణం వైపు తేలుని చూపించండి, గుండె దగ్గర ఎర్రగా ఉన్నది జ్యేష్ఠ. తర్వాత పందెం ఏంటంటే రెండూ నిజంగానే కలవవా అని. మనం గ్రీసు కంటే బాగా దక్షిణాన ఉన్నాం కాబట్టి అర్ధరాత్రి దాటాక ఒకటి పడమర అంచులో దిగుతుంటే ఇంకోటి తూర్పు అంచులో ఎక్కుతూ కాసేపు రెండూ దొరకొచ్చు, అడ్డం ఏమీ లేని మైదానం ఉంటే. కథ తప్పని కాదు, అది వాళ్ళ ఊరి నుంచి చూసింది.

చెప్పేటప్పుడు చూసుకోవాల్సినవి

ఆఫ్రికావాళ్ళు ఇలా అంటారు, రెడ్ ఇండియన్లు అలా అంటారు అని గంపగుత్తగా చెప్పకండి, ఏ జనం, ఎక్కడ ఉంటారు అని చెప్పండి, తెలియకపోతే ఆ కథ చెప్పకండి. మనవాళ్ళకే ముందు అన్నీ తెలుసు అని మొదలెట్టొద్దు, పిల్లలు వినడం మానేస్తారు. జాతకాలు, దోషాలు ఈ రాత్రుల్లోకి తీసుకురాకండి, అరుంధతి కనిపించకపోతే ఏదో అవుతుందని భయపెట్టేవాళ్ళు ఇంట్లో ఉంటే ముందే మాట్లాడుకోండి. ఏ కథ నిజం అని అడిగితే చుక్కలు నిజం, కథలు మనుషులు కట్టుకున్నవి అని చెప్తే ఆరేళ్ళ పిల్లలకి కూడా అర్థమవుతుంది, చుక్కలు అంటే ఎంతో దూరంలో ఉన్న సూర్యుళ్ళు అని కూడా అప్పుడే చెప్పేయొచ్చు.

ఒక రాత్రికి ఒక గుంపు, రెండు మూడు కథలు, అరగంట, అంతే, ఇంకా అడుగుతున్నప్పుడే ఆపేయండి. నాలుగైదు రాత్రులయ్యాక పేరు లేని చుక్కలు కొన్ని చూపించి వాళ్ళనే బొమ్మ గీసి కథ కట్టమనండి, ఆటోనో క్రికెట్ బ్యాటో ఏది గీసినా ఓకే, ఒకటే షరతు, ఆ చుక్కలు ఏ నెలలో వస్తాయో ఎటు దిగుతాయో ఆ సంగతి కథలో ఉండాలి.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులతో ఏమీ కుదరదు. అప్పుడు హైదరాబాద్‌లో ఉంటే బిర్లా ప్లానెటేరియంకి తీసుకెళ్ళండి, 1985 నుంచి ఉంది, లేదంటే నోట్‌బుక్ తీసి పోయిన చలికాలం బొమ్మలకి రంగులేయించండి. వాన ఆగిన రాత్రి ఎప్పుడైనా మబ్బు విడిపోతే వదలకండి, దుమ్ము కడిగేసి ఉంటుంది కాబట్టి ఆ గంటలో కనిపించినన్ని చుక్కలు సిటీలో మళ్ళీ కనిపించవు.